డొంకూరు తీరమున లగ్ననిర్ణయము

ఇచ్ఛాపురమునకు తూర్పున, ఒడిశా పొలిమేర కనతిదూరమున, సముద్రపు టొడ్డున నున్న పల్లె డొంకూరు. బాహుదా నది కడలిని చేరునది యీ ప్రాంతముననే. పల్లెలో మత్స్యకారుల యిండ్లే మెండు. ఇసుకమీద బోర్లించిన పడవలు, ఎండబెట్టిన వలలు, వెనుక కొబ్బరితోటలు, జీడిమామిడి చెట్లు: చూడవచ్చినవారికి ఇంతకన్న చూపవలసిన వింత లేవియు లేవు. హౌరా నుండి చెన్నపట్టణము పోవు రైలుదారిలో ఇచ్ఛాపురమున దిగి, మోటారులో పోవచ్చును. 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడిన నాడు గంజాము జిల్లా రెండుగా చీలి, బరంపురము ఆవలను, ఇచ్ఛాపురము ఈవలను నిలిచినవి. పొలిమేర గీచినను పిల్ల నిచ్చుటయు, పుచ్చుకొనుటయు మానలేదు. పట్టుచీరల కిప్పటికిని ఇచటి ఆడువారు బరంపురమే పోవుదురు.

మా పెద్దమ్మ మనుమరాలికి బరంపురపు ఒడియా పిల్లవానితో సంబంధము కుదిరినది. ఇద్దరును బెంగుళూరులో ఉద్యోగులు. నలుబదిమందికి మించకుండ చిన్న పెండ్లి కావలెనని వారి కోరిక. ఈ కాలమున దూరపు తీరములకు పోయి పెండ్లి చేసికొనుట వేడుకయైనది గాని, వీరు డొంకూరు నెన్నుకొనుటకు కారణము వేడుక కాదు. మా పెద్దమ్మ కదలలేదు. ఉద్దానమును పట్టి పీడించు మూత్రపిండముల వ్యాధి ఆమెను పట్టి యైదేండ్లు. ఈ వ్యాధికి మూల మేదియో వైద్యు లింకను నిర్ధారింపలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికై ప్రత్యేకముగ పెద్ద ఆసుపత్రి తెరచినారు. కవిటి, సోంపేటలలోను రక్తశుద్ధి కేంద్రము లున్నవి. మా పెద్దమ్మ సోమ, గురువారములందు సోంపేట పోయి డయాలసిస్ చేయించుకొని వచ్చును. పోయిన దినమును, మరునాడును ఆమెకు లేచి కూర్చుండు శక్తి యుండదు. కావున ముహూర్తము బుధవారమో, శనివారమో, ఆదివారమో కావలెను. సిద్ధాంతిగారికి మేము చెప్పిన మొదటి నియమ మిదియే. అట్టి నియమము తా మెన్నడును వినలేదని వారు నవ్వి, పంచాంగము తెరచినారు.

వాస్తవముగ 2024 వేసవిలోనే చేయదలచితిమి. ఆ యేడు ఏప్రిలు చివర మొదలైన శుక్రమౌఢ్యము జూలై వరకు విడువలేదు. నడుమ గురుమౌఢ్యమును తోడైనది. మౌఢ్యము పోవునప్పటికి ఆషాఢము వచ్చిపడినది. ఆంధ్రదేశమంతటను ఆ మూడునెలలు కల్యాణమండపములు తాళములు వేసికొన్నవి. మాకు మండపముతో పని లేదు గాని, ఏడాది ఆగుట యనిన, ఆమె విషయమున ఏ మాటయో పాఠకసోదరీమణులే యూహింపవచ్చును. ఇంట నెవ్వరును ఆ మాట పైకి అనలేదు.

ఆశ్వయుజమున చేసెద మనగా పెద్దమ్మయే వల దన్నది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడును అక్టోబరు నడుమనే, ఆశ్వయుజముననే వచ్చినవి. తిత్లీ పలాస సమీపమున అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తీరము దాటినప్పుడు, ఉద్దానమున తలయెత్తి నిలిచిన కొబ్బరిచెట్లు కొద్ది. కాపునకు వచ్చు వరకు ఏండ్లు పట్టు చెట్టు ఒక్క పూటలో పోయినది. ఆమె మాట నిజమే యైనది: 2024 అక్టోబరు చివర, ఆ మాసముననే, దానా తుపాను ఒడిశా తీరమును తాకినది.

మాఘమున ముహూర్తములు లేకపోలేదు. కాని అప్పుడు ఊరిలో మగవా రుండరు. కొందరు కడలిమీద, కొందరు గుజరాతులోని వేరావలు రేవున. తిత్లీ నాడు కూలిన పెంకులను, చెట్లను తీసి తన్ను బయటికి తెచ్చినవారు పంక్తిలో కూర్చుండనిదే ఆ యింట పెండ్లి యేమని పెద్దమ్మ పట్టుపట్టెను. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, అరువదియొక్క దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వమువారు చేసిన యేర్పాటది. మాకు మాత్ర మది చుట్టములు ఒడ్డున దొరకు కాలము. వజ్రపుకొత్తూరు మండలమున నువ్వలరేవు అను మత్స్యకార గ్రామము కలదు. అచట రెండు మూడేండ్ల కొకమారు, ఊరిపెద్దలు నిశ్చయించిన యొకే ముహూర్తమున ఊరి పెండ్లిండ్లన్నియు జరుగును. కడలితో బ్రతుకువారికి తేది యనునది ఒక యింటి సొంతము కాదని దానిని చూచిననే తెలియును.

సిద్ధాంతిగారు 2025 మే 18వ తేది, వైశాఖ బహుళమున, ఆదివారము నిచ్చిరి. అందరును సంతసించితిమి. బరంపురమునుండి పెండ్లికొడుకు నాయనమ్మ కబురు పంపెను: అది జ్యేష్ఠమాస మట! మేము తెల్లబోతిమి. ఆమె చెప్పినదియు సరియే. మనకు నెల అమావాస్యతో ముగియును, ఒడియావారికి పూర్ణిమతో. కావున బహుళపక్షమంతయు వారి పంజికలో తరువాతి నెలలోనికి పోవును. పిల్లవాడు జ్యేష్ఠుడు, పిల్లయు తొలిచూలుది. జ్యేష్ఠమున జ్యేష్ఠులకు చేయరాదన్న నియమము ఇరువురికిని సమానమే. ఏ పంచాంగము మెరుగన్న వాదము లేవనెత్తి సంబంధములు చెడగొట్టుకొన్నవారిని నే నెరుగుదును. సిద్ధాంతిగారు వాదింపలేదు. శుక్లపక్షమున ఇరువురి నెలలకును పేరొక్కటే గదా యని ఏప్రిలు 30వ తేది చూపిరి. వైశాఖ శుద్ధ తదియ, రోహిణి, బుధవారము. అక్షయతృతీయ! ఒడియావారు పొలమున విత్తనము చల్లు దినము. పూరిలో జగన్నాథుని రథముల పని మొదలగు దినము. బరంపురపు నాయనమ్మ ఆనందమునకు మేర లేదు.

అమావాస్య దాటి మూడు దినములే గనుక పోటు హెచ్చుగ నుండునని, పందిరిని నీటికి చాల వెనుకగా, కొబ్బరితోట అంచున వేయుమని పడవవారు హెచ్చరించిరి. రాత్రి దీపములును మానితిమి. ఈ తీరమున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. వేసవిలో పిల్లలు వెలువడి, నీటిమీది వెలుగును పోల్చుకొని కడలికి నడచును. ఒడ్డున దీపములు వెలిగిన దారి తప్పును. అందుచే ఉదయపు లగ్నమే కుదిరినది. ఎండ ముదరకముందే తలంబ్రాలు ముగిసినవి. భోజనమున పనసపొట్టుకూర, పచ్చి జీడిపప్పు కూర, మామిడికాయ పప్పు. నలుబదిమంది యనుకొన్నది నూరు దాటినది. డొంకూరున చిన్న పెండ్లి యనిన అంతే కాబోలు.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుండియే అక్షతలు వేసెను. ఆమెకు నీరు కొలతగా నీయవలెను గనుక, కొబ్బరినీరు వల దన్నందున, చెంబు చేత పట్టుకొని ఊరక చూచుచుండెను. మరునాడు గురువారము. తెల్లవారుజామున ఆటో వచ్చినది. క్రొత్త పెండ్లికొడుకే ఆమెను ఎక్కించి, ప్రక్కన కూర్చుండి సోంపేట పోయెను.