చూపు అటు... గోలు ఇటు!

టేబుల్ ఫుట్‌బాల్ చూసే ఉంటారు. మాదాపూర్ ఐటీ ఆఫీసుల్లో, మాల్స్‌లోని గేమ్ జోన్లలో, పెద్ద అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో ఎక్కడో ఓ మూల ఉంటుంది. బల్లకు అడ్డంగా ఎనిమిది కడ్డీలు, వాటికి గుచ్చిన బొమ్మలు. నలుగురు చేరి గిరగిరా తిప్పేస్తుంటే బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఎవరికో గోల్, అందరికీ నవ్వులు. కాసేపు కాలక్షేపం, అంతే అనిపిస్తుంది.

కానీ ఈ ఆటకు ప్రపంచకప్పే ఉంది! బ్రిటన్‌లో హెరాల్డ్ సియర్ల్స్ థార్న్‌టన్ అనే ఆయన 1923లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 2002లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 2022 ప్రపంచకప్ ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో జరిగింది. అన్నట్టు, పోటీల్లో కడ్డీని ఒక పూర్తి చుట్టుకు మించి తిప్పితే ఫౌల్. మనం సరదాగా ఆడే ఆటలో సగం అక్కడ చెల్లదన్నమాట.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మా మేనల్లుడు. జర్మనీలో ఎంఎస్ చేశాడు. అక్కడే ఏడాదిపాటు ఉద్యోగం వెతుక్కుని, దొరక్క, కిందటేడాది హైదరాబాద్ వచ్చేశాడు. మా ఇంట్లోనే ఉండి ఇంటర్వ్యూలకు వెళ్తున్నాడు. విజయవాడ నుంచి అక్క రోజూ ఫోన్... 'వాడికి ఏమైనా వచ్చిందాట్రా?' అని. వాచ్‌మన్ దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అదే ప్రశ్న. రానురానూ వాడు గదిలోంచి బయటికి రావడమే తగ్గించేశాడు. భోజనానికి పిలిస్తే 'తర్వాత తింటాలే మావయ్యా' అని లోపల్నుంచే జవాబు.

ఓసారి మా వీధి చివర కొత్తగా పెట్టిన గేమింగ్ కేఫ్ గురించి రాయాల్సి వచ్చి, వాణ్నీ తోడు తీసుకెళ్లా. మూలనున్న ఆ టేబుల్ చూడగానే వాడి మొహం విప్పారింది. జర్మనీలో దీన్ని 'కికర్' అంటారట. పబ్బుల్లో ఆడతారు, ఊళ్ల మధ్య లీగ్ పోటీలు కూడా జరుగుతాయి. వాడు యూనివర్సిటీ జట్టుకు ఆడేవాడట!

'మాకెప్పుడూ చెప్పలేదేరా?'

'మార్కులు, ఉద్యోగం తప్ప ఇంకేం అడిగారు మావయ్యా?' అన్నాడు, నవ్వుతూనే.

రెండు నెలల తర్వాత అక్కడే డబుల్స్ పోటీ ఉందని గోడ మీద కాగితం అంటించారు. వాడికి జోడీ కావాలి. 'వెనక నేను చూసుకుంటా. ముందు నువ్వు ఆడు' అన్నాడు. అలా నేను శిష్యుణ్నయ్యాను.

పది సెకన్లే!

జట్టుకు నాలుగు కడ్డీలు. గోల్‌కీపర్ ఒకడు, డిఫెన్సులో ఇద్దరు, మధ్య వరసలో ఐదుగురు, ముందు ముగ్గురు. డబుల్స్‌లో వెనక రెండు కడ్డీలు ఒకరు, ముందు రెండు ఇంకొకరు ఆడతారు. మధ్య వరసకు బంతి చిక్కితే పది సెకన్లలోపు వదిలేయాలి. అందరూ చేసేది ముందున్న ముగ్గురికి పాస్ ఇవ్వడమే. దానికి వాడుకునే దారులు ముఖ్యంగా రెండు... గోడ వెంట ఒకటి, దాని పక్కనే లోపలి సందు ఒకటి. ఎదుటివాడు తన ఐదుగురినీ అటూ ఇటూ జరుపుతూ ఆ రెండు దారులకే కాపలా కాస్తుంటాడు.

సరిగ్గా అప్పుడు, పాస్ ఇవ్వకుండా మధ్య వరస నుంచే గోల్‌కి కొట్టేస్తే? అదీ వాడు నాకు నేర్పుతానన్న విద్య. ఫ్రాన్స్‌లో చాలా కేఫుల్లో ఇలా కొట్టిన గోల్‌ను లెక్కలోకి తీసుకోరు. పోటీల్లో మాత్రం గోల్ గోలే.

వినడానికి తేలికే. కొట్టబోతే తెలుస్తుంది. బంతి నాలుగు వరసలు దాటాలి. ఎదుటి ఐదుగురు, తర్వాత మన ముగ్గురు, ఆ తర్వాత వాళ్ల డిఫెండర్లు, చివర గోల్‌కీపర్. అడ్డం నిలబడేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు!

మూడు వారాలపాటు వాడు నాతో పాసులే ఇప్పించాడు. బంతిని నేరుగా తన్నకుండా బొమ్మ కాలితో ఒరుసుకుంటూ కొడితే ఏటవాలుగా పోతుంది. ఆపి ఉంచిన బంతిని అలాగే ముందుకు పంపకూడదు, కనీసం రెండు బొమ్మలకు తగిలించాలి. అందుకని పక్కపక్క బొమ్మల మధ్య దొర్లిస్తూ ఉండాలి. మణికట్టు నొప్పెట్టి ఓరోజు అడిగేశా... 'షాట్ ఎప్పుడు నేర్పుతావురా?'

'పాస్ బాగా ఇస్తావని వాళ్లు భయపడాలి మావయ్యా. ఆ భయం లేకపోతే షాట్ కోసమే కాచుకుని ఉంటారు. ఇక అందులో ఆశ్చర్యమేముంది?'

చెయ్యి చెప్పేస్తోంది

నాలుగో వారం షాట్ మొదలైంది. నిలబడే తీరు మారకూడదు. బంతి దొర్లే వేగం మారకూడదు. గోల్ వైపు చూడకూడదు. అన్నీ పాటించినా నేను కొట్టబోయేది వాడికి ముందే తెలిసిపోయేది. 'నీ కుడిచెయ్యి చెప్పేస్తోంది' అన్నాడు. బంతికి దారివ్వడానికి ముందు వరసను పైకి లేపుతున్నాను కదా, అదీ గుట్టు! 'లేపకు. పాస్ అందుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంచి, కాస్త పక్కకు జరుపు. దారి దానంతటదే వస్తుంది.'

ఇంకో కిటుకూ చెప్పాడు. బంతి మధ్యలో ఉన్నంతసేపూ వెనకాల ఆడేవాళ్లు కొంచెం ఏమరుపాటుగా ఉంటారు. చేతులు తుడుచుకుంటారు, పట్టు సర్దుకుంటారు. కొట్టాల్సింది అప్పుడే.

ఆట అయ్యాక ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. ఉస్మానియా బిస్కెట్లు ఐదు వరసగా పేర్చి, చక్కెర పలుకును బంతి చేసి పాఠం చెప్పేవాడు. మధ్యమధ్యలో జర్మనీ కబుర్లు... అక్కడి చలి, ఇంటి అద్దె కోసం పడ్డ అవస్థలు, తిరిగొచ్చే రోజు విమానాశ్రయంలో ఏడ్చిన సంగతి. ఇంట్లో ఎన్నడూ ఎత్తని మాటలవి.

పోటీలో తొలి మ్యాచ్. ముందు ఐదు గోల్స్ కొట్టినవాళ్లదే గేమ్. స్కోరు 4-4. మ్యాచ్ అంతా పాసులే ఇచ్చాను. ఎదుటాయన చూపు ఆ రెండు దారుల మీదే ఉంది. బంతిని రెండుసార్లు దొర్లించి, కుడిచేత్తో ముందు వరసను ఓ వేలెడు పక్కకు జరిపి, కొట్టాను. చెక్క మీద 'ఠాప్' మన్నాక గానీ వెనకాయన కదల్లేదు. మేనల్లుడు నన్ను ఎత్తుకున్నంత పనిచేశాడు!

తర్వాతి మ్యాచ్‌లో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు 5-2తో మమ్మల్ని ఇంటికి పంపారు. వాళ్లు మా తొలి మ్యాచ్ చూశారు మరి. ఒకసారి బయటపడ్డ రహస్యానికి రెండోసారి విలువ తక్కువ.

ఆ రాత్రి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. 'వాడికి ఇవన్నీ వచ్చా? ఏదీ, వాడికివ్వు ఫోను' అంది. ముప్పావుగంట మాట్లాడుకున్నారు తల్లీకొడుకులు.

ఉద్యోగం ఇంకా రాలేదు. ప్రయత్నాలు సాగుతున్నాయి. శనివారాలు మాత్రం కేఫ్‌లో నలుగురైదుగురు పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. భోజనానికి పిలిస్తే బయటికొస్తున్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటి కుర్రాడు ఉంటే 'ఏమైనా వచ్చిందా?' అని అడగడం కొన్నాళ్లు ఆపి, 'నీకు ఇంకేం వచ్చు?' అని అడిగి చూడండి.