వడ్డన ధర్మం

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అన్నది తెలుగువారి సామెత. అందులో హాస్యమెంత ఉన్నదో ఆక్షేపణ కూడా అంతే ఉన్నది. వడ్డనలో పక్షపాతం ఉండరాదన్నది దాని చాటున ఉన్న నీతి. ఈ నీతి విందుపంక్తికే పరిమితం కాదు. మానవుడు నిర్మించిన కంప్యూటరులోనూ ఒక వడ్డన నిరంతరం సాగుతుంటుంది. అక్కడ వడ్డించే పదార్థం కాలం.

కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసర్. పాట వినిపిస్తూనే ఉంటుంది; అక్షరాలు తెరపై పడుతూనే ఉంటాయి; లెక్కలు సాగుతూనే ఉంటాయి. ప్రాసెసర్లు కొన్నే, పనులు వందలు. అన్నీ ఏకకాలంలో జరుగుతున్నట్లు తోచడం చాలావరకు భ్రాంతి. ఒక్కొక్క పనికి కొన్ని మిల్లీసెకన్ల చొప్పున కాలాన్ని పంచి, వంతులు మార్చే వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నది. దానిపేరే షెడ్యూలర్.

పనులన్నీ ఒక తీరువి కావు. భారీ లెక్కలు చేసేవి దొరికినంత కాలాన్నీ ఆరగిస్తాయి. టైపు చేసే పని అట్లా కాదు. మీట నొక్కేవరకు అది నిద్రిస్తుంది. మేల్కొన్నప్పుడు దానికి కావలసినది స్వల్పమే, కాని వెంటనే కావాలి. అట్లని క్షణక్షణమూ వంతులు మారిస్తే, ఆ మార్పులకే కాలం వ్యయమై మొత్తం పని కుంటుపడుతుంది. అందుకే సర్వర్లకు దీర్ఘమైన వంతులు, వ్యక్తిగత కంప్యూటర్లకు హ్రస్వమైన వంతులు అనుకూలిస్తాయి.

ఈ సమస్యతో లినక్స్ చేసిన పోరాటం ఆసక్తికరమైనది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌కు, 2003 డిసెంబరులో 2.6 కెర్నల్ వెలువడింది. ఇంగో మోల్నార్ రచించిన అందలి షెడ్యూలర్, ఎక్కువసేపు నిద్రించే పనిని మనిషితో సంభాషించే పనిగా ఊహించి, దానికి ప్రాధాన్యమిచ్చేది. ఊహ తప్పినప్పుడు పాట తెగేది; మౌస్ గుర్తు తడబడేది.

ఈ పద్ధతిని సవాలు చేసినవారు కాన్ కోలివాస్. ఆయన ఆస్ట్రేలియాలో మత్తుమందు వైద్యులు. ప్రోగ్రామింగు ఆయన వృత్తి కాదు. ఊహలను విడిచి కాలాన్ని సమంగా పంచితే చాలునని 2007లో ఆయన చేసి చూపారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మోల్నార్ అదే సూత్రంపై ఒక కొత్త షెడ్యూలర్‌ను ప్రకటించారు. అంతవరకు తక్కువ కాలం అనుభవించిన పనికే తరువాతి వంతు అన్నది దాని నియమం. నిద్ర నుండి లేచిన పని సహజంగానే ముందుకు వస్తుంది. అక్టోబరులో 2.6.23తో లినక్స్‌లో చేరినది ఈ రచనే. సమ పంపిణీ సాధ్యమని నిరూపించిన ఘనత కోలివాస్‌దేనని మోల్నార్ బహిరంగంగా అంగీకరించారు. అయినా ఆ ఏడే కోలివాస్ కెర్నల్ రంగం నుండి తప్పుకున్నారు. పంపకంలో న్యాయాన్ని బోధించినవారికి గుర్తింపు మాత్రమే దక్కింది, స్థానం దక్కలేదు. 2009లో ఆయన సొంత షెడ్యూలర్‌తో తిరిగి వచ్చారు.

సమానత్వంలోనూ ఒక చిక్కున్నది. ఒక ఇంటినుండి ఇరవైమంది, మరొక ఇంటినుండి ఒక్కరు పంక్తికి వస్తే, తలకొక విస్తరి న్యాయమా, ఇంటికొక వాటా న్యాయమా? ఒకే ఆజ్ఞతో పుట్టిన ఇరవై పనులు ప్రాసెసర్‌ను ఆక్రమిస్తే, ఒంటరిగా ఉన్న పని నీరసిస్తుంది. 2011 మార్చిలో వచ్చిన 2.6.38 కెర్నల్‌లో మైక్ గాల్‌బ్రెయిత్ రచన, అటువంటి పనులను ఒక కుటుంబంగా కూర్చి, కుటుంబానికొక వాటా ఇచ్చింది.

ఎంత పెట్టాలన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు పెట్టాలన్నది మరొక ప్రశ్న. 1995లో అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్-వహాబ్ ప్రతిపాదించిన పద్ధతి ఈ రెంటినీ వేరుచేసింది. తనకు రావలసిన వాటా ఇంకా అందని పనులలో, గడువు ముందుగా ముగిసేదానికి తొలి వంతు. చిన్న వంతు కోరిన పనికి గడువు దగ్గరగా ఉంటుంది. అది తక్కువే తింటుంది, కాని ముందు తింటుంది. పీటర్ జిల్‌స్ట్రా కృషితో ఈ పద్ధతి 2023 అక్టోబరులో 6.6 కెర్నల్‌లో చేరింది.

లినక్స్‌లో ప్రతి పనికీ 'నైస్' అనే విలువ ఉన్నది. అది మైనస్ 20 నుండి 19 వరకు ఉంటుంది. విలువ పెరిగినకొద్దీ ఆ పని ఇతరులకు దారి ఇస్తుంది. నైస్ అంటే మంచితనం. అయితే మంచివారు వెనుకకు జరిగినంత మాత్రాన వారి విస్తరి ఖాళీగా మిగలరాదు. ఆ బాధ్యత వడ్డించేవారిది. అందరికీ అందించడం, అవసరాన్నెరిగి సకాలంలో అందించడం - ఈ రెండూ కలిసినదే వడ్డన ధర్మం.