ముందు చన్నీళ్లు

మా ఊళ్లో పెరటి గోడవారన నీళ్ల పొయ్యి ఉండేది. దాని మీద మసిబట్టిన రాగి కాగు. కొబ్బరి మట్టలు, పిడకలు, జనుము కట్టెలు, ఏవి చేతికందితే అవి పొయ్యిలోకి పోయేవి. ఆ నీళ్లకు కాస్త పొగ వాసన ఉండేది. తలంటు అనగానే కుంకుడుకాయ ఘాటుతో పాటు ఆ వాసన కూడా నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నీళ్లు తోడి పెట్టడం అమ్మ పని. బకెట్లో ముందు చన్నీళ్లు, ఆ తరవాతే వేణ్ణీళ్లు. ఒక్కనాడూ ఆ వరస తప్పలేదు. చివర్న మోచెయ్యి ముంచి చూసి, "రండి" అని నాన్నను పిలిచేది. పొయ్యి దగ్గర పనిచేసే వేళ్లు వేడికి అలవాటు పడిపోతాయి, వాటిని నమ్మకూడదనేది.

ఇప్పుడు హైదరాబాదులో మా ఫ్లాటు బాత్రూం గోడకు 15 లీటర్ల గీజరుంది. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే ఒక వేణ్ణీటి ఊట పేరు గేసిర్. 1868లో లండన్‌లో గ్యాసుతో నీళ్లు కాచే పరికరం చేసినాయన దానికి ఆ పేరే పెట్టుకున్నాడు. మనిషి చెయ్యి పడకుండా తనంతట తాను వచ్చే వేడినీటికి తగిన పేరే. ఆ చెయ్యి లేకపోవడమే నన్నిప్పుడు ఆలోచనలో పడేసింది.

మొన్నటి చలికాలం అమ్మానాన్నా మా ఇంటికొచ్చారు. నాన్నకు ఏళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వచ్చిన మూడో రోజు అమ్మ అంది: "ఏరా, ఆ గీజరు ఎర్ర దీపం ఆరట్లేదు, చూశావా?" చలికి ఎక్కువసేపు పడుతుందిలే అమ్మా అని ఆఫీసుకెళ్లిపోయాను.

ఆ మాట తప్పు. లెక్క చూసుకుంటే ఆ క్షణమే తెలిసేది. పదిహేను లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2 కిలోవాట్ల ఎలిమెంటుకు పద్దెనిమిది నిమిషాలు చాలు. చలికి నీళ్లు 20 డిగ్రీలకు దిగినా ఇంకో మూడు నిమిషాలు, అంతే. తరవాత థర్మోస్టాట్ కరెంటు ఆపాలి, దీపం ఆరాలి. ఆరలేదంటే లోపల ఆపేవాడు లేడన్నమాట.

రెండు రోజుల తరవాత అమ్మ గుడికెళ్లిన వేళ నాన్న కుళాయి తిప్పి దాని కింద పాదాలు పెట్టారు. సాయంత్రం అమ్మ కాళ్లకు నూనె రాయబోతే కుడిపాదం మీద రూపాయి బిళ్లంత బొబ్బ. ఆయనకు నొప్పే లేదు. అది మానడానికి నెల పైన పట్టింది. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. 49 డిగ్రీల దగ్గర అంత కాలడానికి నిమిషాలు పడుతుంది. ఆ రోజు మా గీజరులో నీళ్లు అరవైని ఎప్పుడో దాటి ఉంటాయి.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. మెయిన్ ఆపి, నీళ్లు వదిలేసి, కింది ప్లేటు విప్పాడు. లోపలినుంచి గుల్ల సున్నంలాంటి పెచ్చులు దోసెడు రాలాయి. మాకు మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, మిగతాదంతా బోరు. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం కాచేకొద్దీ గడ్డకడుతుంది, వేడి పెరిగేకొద్దీ మరీ ఎక్కువగా. టీ గిన్నెకు పట్టినట్టే ఎలిమెంటుకూ గార పడుతుంది. దాని కింద చిక్కిన నీళ్లు మరిగి చిటపటమంటాయి. కొన్నాళ్లుగా మా గీజరులోంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. గార కప్పేసిన ఎలిమెంటు తన వేడిని నీళ్లకివ్వలేక తానే కాలిపోతుంది. థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయని అతను తీసి చూపించాడు. అలాంటప్పుడు కరెంటు తెంచి ఆదుకోవాల్సినది కటౌట్. దాని పని గీజరు పేలకుండా చూడడం, చర్మం కాలకుండా చూడడం కాదు.

ఇంకొకటి కూడా చూపించాడు. బొటనవేలంత లావుండాల్సిన మెగ్నీషియం కడ్డీ చీపురుపుల్లంతే మిగిలింది. ఉక్కు ట్యాంకుకు తుప్పు పట్టకుండా అది తాను కరుగుతుందట. బోరు నీళ్లయితే ఏటా ఒకసారి విప్పి చూడమన్నాడు. ఎలిమెంటు, థర్మోస్టాట్, కడ్డీ మూడూ కొత్తవి వేయించాను. ఎర్త్ సరిగా ఉందో లేదో కూడా చూడమన్నాను. ముట్టుకుంటే జిల్లుమనే గీజరుతో రోజులు నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి, అది వింటేనే నాకు భయం వేస్తుంది.

డయలు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం తేలిక ప్రశ్న కాదు. గోరువెచ్చగా రోజుల తరబడి నిలవున్న నీళ్లలో లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఊపిరితిత్తులకు చేటు. అందుకే ఊరినుంచి వచ్చాక 60 దాకా కాచి, ఆ నీళ్లు వదిలేస్తాను. రోజూ కాచి రోజూ ఖాళీ చేసే ఇంట్లో మాత్రం యాభై చాలు. ఇంట్లో అందరికంటే ఎవరి చర్మం బలహీనమో వాళ్ల కోసం డయలు తిప్పాలి. నాకు ఇంకాస్త వేడి కావాలనిపిస్తే స్టవ్వు మీద గిన్నె పెట్టుకుంటాను.

సంక్రాంతికి ఊరెళ్లేదాకా నాన్నకు నేనే నీళ్లు తోడాను. దీపం ఆరాక స్విచ్ కట్టేసి, ముందు మూడు చెంబుల చన్నీళ్లు, తరవాత వేణ్ణీళ్లు. మోచెయ్యి ముంచాను. సరిగ్గానే ఉన్నాయనుకున్నాను. అమ్మ వచ్చి, చీర కొంగు దోపుకుని, తనూ ఒకసారి మోచెయ్యి పెట్టి చూసింది.

"ఇంకో అరచెంబు చన్నీళ్లు పొయ్యరా."

పోశాను. అప్పుడు ఆయన్ను పిలిచింది.