ఒకవైపు వేడి, ఒకవైపు చలి

కోల్‌కతా వాసులకు వాహనంలోని హీటరుతో పని తక్కువ. జనవరి రాత్రులు సైతం సగటున 14 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. అందువల్ల దాని లోపం కొండ ఎక్కినప్పుడుగాని బయటపడదు.

గత శీతకాలంలో మేము నలుగురు సహోద్యోగులం ఒక పాత వాహనంలో సుమారు 2,000 మీటర్ల ఎత్తునున్న డార్జిలింగుకు వెళ్ళినాము. ఎడమవైపువారి పాదాలు కాలుతున్నవి. డ్రైవరు వైపున చల్లని గాలి. చలిని ఓర్చుకొనవచ్చును గాని, ఆయన ఎదుటి అద్దానికి ఆవిరి పట్టి కర్సియాంగ్ మలుపుల్లో దారి కనిపించలేదు. గుడ్డతో తుడుచుకొంటూ, ప్రాణాలు అరచేత పట్టుకొని చేరుకొన్నాము.

తిరిగి వచ్చిన పిమ్మట ఒక మరమ్మతు శాలవారు హీటరు మొత్తం మార్చవలెనన్నారు. మల్లిక్ బజారులోని ఒక వృద్ధ మిస్త్రీ మాత్రం ఇంజను వేడెక్కనిచ్చి, హీటరుకు పోయే రెండు రబ్బరు గొట్టాలను తాకి చూచినాడు. ఒకటి కాలుతున్నది, రెండవది గోరువెచ్చన. రెండూ సమానంగా వేడిగా ఉన్నట్లయితే గాలిని మళ్ళించే రేకును అనుమానించవలెనట. మా హీటరు నిజానికి ఒక చిన్న రేడియేటరు. ఏళ్ళ తరబడి కూలెంటుకు బదులు కుళాయి నీరు పోసినందున తుప్పు, సున్నపు పొర పేరుకొని ప్రవాహం మందగించినది. నీరు ప్రవేశించే కొస వేడెక్కుతుంది, ఆవలి కొస చేరేసరికి చల్లబడుతుంది. డ్రైవరుకు వచ్చేది ఆ ఆవలి కొస గాలి.

ఇంజను చల్లారిన తరువాత గొట్టాలు విప్పి, ఎదురుదిశలో మెల్లగా నీరు పంపగా కాఫీరంగు బురద వచ్చినది. అది తేరేవరకు కడిగి, కూలెంటును శుద్ధజలంతో సమపాళ్ళలో నింపి, లోపలి గాలిబుడగలను వెళ్ళగొట్టినాడు.

ఫాల్గుణ మాసపు ఎండలో, అద్దాలు బిగించుకొని హీటరును పరీక్షిస్తున్న మమ్ము చూచి ఆ వీధివారు ఏమనుకొన్నారో!