అక్క ఊరు ఎంత దూరం?



మాది నల్లగొండ దగ్గర పల్లె. మా అక్కను పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు ఇచ్చారు. నాన్న పోయాక రెండెకరాల చెలక పంపకంలో మాటా మాటా పెరిగింది. ఆ తరువాత ఏడేళ్ళు నేను ఆ గడప తొక్కలేదు. ఎవరైనా అడిగితే, "చాలా దూరమండీ, రోజంతా ప్రయాణం" అనేవాడిని.

పోయిన ఏడు ఒక రాత్రి మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, అమ్మకు బాగాలేదు. నీ పేరే తలుస్తున్నది" అన్నాడు.

మా మనవడు వెంటనే తన ఫోనులో దూరం చూశాడు. "తాతా, ఆకాశంలో గీత గీస్తే 140 కిలోమీటర్లే. విమానానికి పావుగంట పని" అన్నాడు. కాని రెండు ఊళ్ళలో దేనికీ విమానాలు రావు. దగ్గరిది 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం. అక్కడికి చేరడానికే మాకు నూరు కిలోమీటర్లకు పైన. అక్కడినుండి పాలమూరుకు మరో 80. రైలు చూద్దామంటే మాది గుంటూరు లైను, వాళ్ళది కర్నూలు లైను. సికింద్రాబాద్ దాకా పోయి మారాలి. హైదరాబాద్ మీదుగా బస్సులో పోతే అటు నూరు, ఇటు నూరు, మొత్తం 200. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా అడ్డంగా పోతే 170, 180 మధ్య. కారులో నాలుగు గంటలు.

కారు మాకెక్కడిది? తెల్లవారుజామున బస్సెక్కాను. దేవరకొండలో ఒకటి మారాను. కల్వకుర్తిలో మరొకటి కోసం ముప్పావు గంట నిలబడ్డాను. ఒకప్పుడు ఈ దారి రెండు జిల్లాలదే. 2016లో కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరాక మూడు జిల్లాలదైంది. దారి పొడుగునా ఎర్ర చెలకలు, రాళ్ళగుట్టలు, పత్తి చేలు. అచ్చం మేము పోట్లాడుకున్న చెలక లాంటివే. ఎంత చూసినా తరగలేదు. ఈ రెండెకరాల కోసమేనా అని సిగ్గేసింది. అర్పణను విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలన్న ప్రసంగం ఎన్ని ఆదివారాలు విన్నాను! విని, చందా వేసి, ఇంటికి వచ్చేవాడిని.

జడ్చర్ల దాటాక పదిహేను కిలోమీటర్లే. ఆ పదిహేనే అన్నిటికన్నా పొడుగనిపించింది.

అక్క మంచం మీద సగమై ఉంది. నన్ను చూసి లేవబోయింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఎంతసేపు పట్టిందిరా తమ్ముడూ?" అంది.

"ఆరు గంటలక్కా."

"కాదురా, ఏడేళ్ళు పట్టింది" అని నవ్వింది. నాకు ఏడుపాగలేదు. క్షమించమన్నాను. "అన్నం తిన్నావా?" అని అడిగింది. మా ఇద్దరి మధ్య సమాధానం అంతే.

నాలుగు రోజులు ఆమె దగ్గరే ఉన్నాను. చిన్ననాటి ముచ్చట్లన్నీ చెప్పుకున్నాము. చెలక మాట ఇద్దరమూ ఎత్తలేదు. ఐదవ రోజు ఉదయం ప్రార్థన వింటూ కన్నుమూసింది.

ఇంకొక వారం ఆలస్యం చేసి ఉంటే అదే బస్సులు, అదే దారి, అవే ఆరు గంటలు. కాని ఆ నవ్వు నాకు దొరికేది కాదు.

చదువరులారా, మీరు పోకుండా ఆపుకున్న ఊరు ఒకటి ఉంటే, దాని దూరం ఈ రాత్రే లెక్క చూడండి. తెల్లవారితే మొదటి బస్సెక్కండి.