అభిమానం నేసే మరమగ్గం

భారత క్రీడారంగంలో అధికారం ఏ వైపు ఒరిగిందో తెలుసుకోవడానికి 2022 జూన్‌లో జరిగిన ఒక్క వేలాన్ని చూస్తే చాలు. ఐపీఎల్ 2023–27 ప్రసార హక్కులను భారత క్రికెట్ బోర్డు రూ. 48,390 కోట్లకు అమ్మింది. దేశంలో టీవీ హక్కుల కోసం స్టార్ ఇండియా రూ. 23,575 కోట్లు పాడగా, డిజిటల్ హక్కుల కోసం వయాకామ్18 రూ. 23,758 కోట్లు పాడింది. తేడా 183 కోట్లే. అయినా ఐపీఎల్ చరిత్రలో ఫోను టీవీని దాటిన తొలి సందర్భం అది. ఆ ఫలితాన్ని బోర్డు నాటి కార్యదర్శి జై షా లోకానికి ప్రకటించినదీ ట్విటర్‌లోనే. అంతకుముందు అయిదేళ్ల కాలానికి టీవీ, డిజిటల్ హక్కులన్నీ కలిపి పలికిన ధర రూ. 16,347 కోట్లు. అయిదేళ్లలో ఆట నిబంధనలు మారలేదు, మైదానం కొలతలు మారలేదు. మారినది ఆటను చూసే తెర. ఆ తెరతో పాటు, చూసేవాడితో వ్యాపారానికి ఉన్న సంబంధమూ మారిపోయింది.

అన్ని వేల కోట్లు పెట్టి కొన్న ఆటను 2023లో జియో సినిమా ఉచితంగా చూపించింది. ఆ ఏడాది చెన్నై, గుజరాత్ జట్ల మధ్య జరిగిన ఫైనల్‌ను ఒక దశలో 3 కోట్లకు పైగా జనం ఏకకాలంలో చూశారు. ఎవరూ టికెట్టు కొనలేదు, చందా కట్టలేదు. మరి కొన్నవాడికి గిట్టుబాటు ఎలా? ఈ ప్రశ్నకు ముంబయి కార్పొరేట్ కార్యాలయాల్లో బోలెడు లెక్కలు చూపిస్తారు. అంతకన్నా స్పష్టమైన జవాబు సూరత్ శివారులోని అమ్రోలిలో దొరుకుతుంది.

తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలి మరమగ్గాల ప్రాంతం. అక్కడి అంజనీ ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లలో పనిచేసేవారిలో అధికులు ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన వలస కార్మికులు. నదికి ఇవతల లింబాయత్ వంటి పేటల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరాల కిందటే తరలివెళ్లిన తెలుగు నేత కుటుంబాలున్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. సిరిసిల్లలో సాంచె అన్నా, సూరత్‌లో లూమ్ అన్నా బతుకు లెక్క ఒక్కటే. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్లను బట్టి కూలి. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చే ఇరుకు గదులు. మగ్గం హోరులో పక్కవాడి మాట వినబడదు. షిఫ్టు ముగిసిన తర్వాత అతని చేతికి దొరికే చవకైన వినోదం ఫోను. అందులో క్రికెట్టు.

టీవీ కాలంలో ఈ కార్మికుడు ప్రేక్షకుడు మాత్రమే. టీ కొట్టు ముందు నిలబడి చూసేవాడు, గెలిస్తే ఈల వేసేవాడు, ఓడితే తిట్టుకుంటూ వెళ్లిపోయేవాడు. ఆ ఈలకూ ఆ తిట్టుకూ బజారులో ధర లేదు. ఇవాళ ఉంది. అతడు ఏ ఆటగాడి వీడియో దగ్గర ఆగాడు, ఎంతసేపు చూశాడు, ఎవరిని మెచ్చుకున్నాడు, ఎవరిని దూషించాడు అన్నవన్నీ నమోదవుతాయి. వాటిని చూపించే ప్రకటనదారులను రప్పిస్తారు. మగ్గం దగ్గర నేసిన ప్రతి మీటరుకూ అతనికి ఎంతో కొంత కూలి ముడుతుంది. ఫోను మీద రాత్రంతా నేసే అభిమానానికి ఏమీ ముట్టదు. పైగా డేటా రీఛార్జికి తన జేబులోంచే కట్టాలి. సామాజిక మాధ్యమాలు క్రీడలకు తెచ్చిన అసలు మార్పు ఇదే. అభిమాని ఒకప్పుడు సరుకు కొనేవాడు. ఇప్పుడు అతని అభిమానమే సరుకైంది, దాన్ని తయారుచేసే కూలీ కూడా అతడే.

ఆ సరుకును అందరికన్నా బాగా పిండుకున్నవి ఫాంటసీ ఆటల కంపెనీలు. 2020లో చైనా వ్యతిరేకత పెల్లుబికి వివో తప్పుకున్నప్పుడు ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌గా డ్రీమ్11 రూ. 222 కోట్లతో వచ్చింది. 2023లో జాతీయ జట్టు జెర్సీ మీదికే ఎక్కింది. ఇందులో తెలుగువారు గమనించవలసిన సంగతి ఒకటుంది. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. డ్రీమ్11 డబ్బు పోటీలు ఈ రెండు రాష్ట్రాల్లోనూ, ఒడిశాలోనూ నడవలేదు. గుజరాత్‌లో మాత్రం నడిచాయి. అంటే కరీంనగర్ నుంచైనా గంజాం నుంచైనా సూరత్ చేరిన కార్మికుడికి, సొంత రాష్ట్రంలో మూసి ఉన్న తలుపు పొట్టకూటికి వెళ్లిన రాష్ట్రంలో బార్లా తెరిచి కనిపించింది. భార్యాబిడ్డలకు దూరంగా, వారం వారం చేతికి కూలి డబ్బు అందే మగవాళ్లున్న చోట ఆ తలుపు ఎవరిని లోపలికి పిలుస్తుందో వేరే చెప్పాలా? వలస కార్మికుడితో పాటు అతని రేషన్ కార్డు ప్రయాణించడానికి దేశానికి ఏళ్లు పట్టింది. అతని రాష్ట్రం కల్పించిన రక్షణ మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

తెర మీద కనిపిస్తే చాలు, ఆట నిజమో కాదో ఎవరికీ పట్టదని నిరూపించినదీ గుజరాతే. 2022 జూలైలో మెహసానా జిల్లా మోలిపుర్ గ్రామంలో పోలీసులు ఒక నకిలీ లీగ్‌ను పట్టుకున్నారు. పొలం కౌలుకు తీసుకుని పిచ్ వేశారు. హాలోజన్ దీపాలు కట్టారు. వ్యవసాయ కూలీలకు, పనిలేని కుర్రాళ్లకు చెన్నై, ముంబయి, గుజరాత్ జట్ల జెర్సీలు తొడిగి, మ్యాచ్‌కు రూ. 400 చొప్పున ఇచ్చారు. ప్రేక్షకుల కేకలు ఇంటర్నెట్ నుంచి దించుకున్నారు. హర్షా భోగ్లే గొంతును అనుకరించే వ్యాఖ్యాతను పెట్టారు. యూట్యూబ్‌లో ప్రసారం చేస్తూ, టెలిగ్రామ్ ద్వారా రష్యాలోని జూదరుల చేత పందేలు కాయించారు. వ్యవహారం క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాక గానీ బయటపడలేదు. దేశమంతా నవ్వుకుంది. నవ్వి ఊరుకోవలసిన విషయమేనా? ఆ పొలంలో బ్యాటు పట్టిన కూలీకి కనీసం 400 రూపాయలు ముట్టాయి. అసలైన లీగ్‌ను తమ వ్యాఖ్యలతో, గొడవలతో, వీడియోలతో రోజంతా మోసే కోట్లాది అభిమానులకు అదీ ముట్టడం లేదు.

అభిమానం సరుకైన చోట ద్వేషం మరింత ఎక్కువ ధర పలుకుతుంది. రాజకీయ పార్టీల ఐటీ విభాగాలు చాలా ముందే కనిపెట్టిన ఈ సూత్రాన్ని క్రీడారంగం ఆలస్యంగానైనా ఒంటబట్టించుకుంది. హార్దిక్ పాండ్యా ఉదంతమే చూడండి. అతడు పుట్టింది సూరత్ జిల్లా చోర్యాసీలో. 2023 డిసెంబరు 15న ముంబయి ఇండియన్స్ యాజమాన్యం రోహిత్ శర్మను తప్పించి అతణ్ణి కెప్టెన్‌ని చేసింది. లక్షల మంది ఆ జట్టు ఖాతాలను అనుసరించడం మానేశారు. నిర్ణయం యాజమాన్యానిది, శిక్ష ఆటగాడిది. 2024 మార్చి 24న అహ్మదాబాద్‌లో, మూడు రోజులకు హైదరాబాద్‌లో, ఏప్రిల్ 1న సొంత వాంఖడేలో అతణ్ణి జనం ఎగతాళి చేశారు. ఫోనులో మొదలైన వెక్కిరింత స్టేడియానికి చేరింది. స్టేడియంలో తీసిన వీడియోలు తిరిగి ఫోనుకు చేరి మరింత ద్వేషాన్ని ఉత్పత్తి చేశాయి. జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి అతడు దేశాన్ని గెలిపించిన రాత్రి అవే ఖాతాలు అతణ్ణి ఆకాశానికెత్తాయి. ఈ రెండు తుపాన్ల మధ్య యాజమాన్యాన్ని నిలదీసినవారు ఎందరు?

తెలుగు నేల ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. 2016 ఆగస్టులో రియోలో పి.వి. సింధు పతకం కోసం పోరాడుతున్న వేళ, ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవారిలో రెండు తెలుగు రాష్ట్రాలవారు ముందువరుసలో నిలిచారు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కుమారుడు మహమ్మద్ సిరాజ్ 2019 ఐపీఎల్‌లో విఫలమైనప్పుడు, వెళ్లి మీ నాన్నతో పాటు ఆటో తోలుకోమన్నారు. ఆ మాట తనను ఎంత బాధించిందో అతడే తర్వాత చెప్పాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో అయిదు వికెట్లు పడగొట్టి, ఆరు పరుగుల తేడాతో భారత్‌ను గెలిపించినప్పుడు అదే ఆటో నేపథ్యాన్ని స్ఫూర్తి కథగా పంచుకున్నారు. తిట్టినప్పుడూ పొగిడినప్పుడూ జనం చూసింది అతని బౌలింగ్‌ను కాదు, అతని పుట్టుకను.

అలాగని సామాజిక మాధ్యమాల వల్ల క్రీడాకారులకు మేలే జరగలేదనడం అన్యాయం. 2019 అక్టోబరులో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్, ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను నేరుగా పంపకుండా సెలక్షన్ బౌట్ పెట్టాలంటూ అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు రాసిన లేఖను బహిరంగంగా ట్విటర్‌లో పెట్టింది. ఫెడరేషన్ గుమ్మం దగ్గర ఆగిపోయే అర్జీ దేశం ముందుకు వచ్చింది. ఆ డిసెంబరులో బౌట్ జరిగింది. నిఖత్ ఓడిపోయింది, కానీ పోటీపడే హక్కును గెలుచుకుంది. తర్వాత 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయింది. పాతకాలంలో ఆ అర్జీ ఏ ఫైలు అడుగునో పడి ఉండేది.

అయితే గొంతు వినిపించడం వేరు, వ్యవస్థ మారడం వేరు. ఈ తేడాను హనుమ విహారి ఉదంతం కంటే బాగా చెప్పేది మరొకటి లేదు. విరిగిన మణికట్టుతో ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేసిన ఈ కాకినాడ ఆటగాడు, 2024 ఫిబ్రవరి 26న రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఆంధ్ర నాలుగు పరుగుల తేడాతో ఓడిన రోజున ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఆరోపణ చేశాడు. జట్టులో పదిహేడో ఆటగాడిని తాను మందలిస్తే, రాజకీయ నాయకుడైన అతని తండ్రి ఒత్తిడి తెచ్చాడని, అందుకే కెప్టెన్సీ వదులుకోమన్నారని, ఇక ఆంధ్రకు ఆడబోనని ప్రకటించాడు. ఆ ఆటగాడు తన ఖాతాలో దాన్ని ఖండించాడు. విహారి మాటతీరుపై ఫిర్యాదులున్నాయని సంఘం చెప్పింది. ఎన్నికల ఏడాది కావడంతో ప్రతిపక్షాలు వెంటనే అందిపుచ్చుకున్నాయి. చంద్రబాబు, లోకేశ్ మద్దతు పలికారు. జూన్‌లో ప్రభుత్వం మారింది. విహారి లోకేశ్‌ను కలిశాడు, తిరిగి ఆంధ్రకు ఆడతానన్నాడు. ఆగస్టులో సంఘం కార్యవర్గం రాజీనామా చేసింది. సెప్టెంబరులో విజయవాడ తెలుగుదేశం ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మరుసటి ఏడాదికి విహారి త్రిపురకు ఆడడానికి వెళ్లిపోయాడు.

ఒక పోస్టు ఇంత కదలిక తెచ్చిందని మురిసిపోవచ్చు. కానీ క్రీడాసంఘంలో రాజకీయ నాయకుల పాత్ర ఎంత ఉండాలన్న ప్రశ్నతో మొదలైన వివాదం, సంఘం పగ్గాలు మరో పార్టీ చేతికి రావడంతో ముగిసింది. ప్రశ్న మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

2025 ఆగస్టు ఈ కథకు మరో రుజువు. ఆ నెలలో పార్లమెంటు క్రీడలకు సంబంధించి రెండు చట్టాలు చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించినది ఒకటి. ఆ ఆటల్లో ఏటా సుమారు రూ. 20,000 కోట్లు జనం పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా చెప్పింది. దాంతో జాతీయ జెర్సీ మీది నుంచి డ్రీమ్11 దిగిపోయింది. కొద్ది వారాలకే అపోలో టైర్స్ రూ. 579 కోట్లతో ఆ చోటు నింపింది. బోర్డుకు నష్టం లేదు. పోయిన కూలి డబ్బు మాత్రం కార్మికుడికి తిరిగి రాదు.

రెండోది జాతీయ క్రీడా పాలన చట్టం. క్రికెట్ బోర్డును సమాచార హక్కు చట్టం కిందికి తేవాలని లా కమిషన్ 2018 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్ కూడా ఆ మాటే అంది. కొత్త బిల్లు మొదటి రూపంలో అందుకు వీలుండింది. ఆమోదం పొందేనాటికి, ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలకే సమాచార హక్కు వర్తించేలా సవరించారు. సర్కారు సొమ్ము తీసుకోని బోర్డు ఆ సందులోంచి బయటపడింది. తుది జట్టులో ఒక ఆటగాడి పేరు లేకపోతే తెల్లవారేదాకా హ్యాష్‌ట్యాగులు నడిపే అభిమాన సైన్యాలు ఈ సవరణను తమ పోరాటంగా ఎంచుకోలేదు. ఎంచుకునేలా వారిని నడిపించే గణితం ఏ ఫోనులోనూ లేదు. సమాచార హక్కు మీద చర్చకు ప్రకటనలు రావు, ఆటగాడి మీద తిట్టుకు వస్తాయి.

కాబట్టి సామాజిక మాధ్యమాలు క్రీడలను ప్రజాస్వామీకరించాయన్న మాటను సగమే నమ్మాలి. అవి ప్రేక్షకుడికి నోరిచ్చాయి. ఆ నోరు ఆటగాడి ఇంటి గడప దాకా చేరుతోంది గానీ, అధికారం కూర్చున్న గది దాకా చేరడం లేదు. సిరాజ్ తండ్రి వృత్తి ఏమిటో దేశానికంతటికీ తెలుసు. రూ. 48,390 కోట్లు ఆర్జించిన సంస్థను లెక్క అడిగే హక్కు మాత్రం సామాన్యుడికి లేదు. అమ్రోలి కార్మికుడు షిఫ్టు చివర తాను నేసిన మీటర్లను ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటాడు. తేడా వస్తే యజమానిని అడుగుతాడు. ఆ అడిగే అలవాటు మగ్గం దగ్గరి నుంచి ఫోనులోకి వచ్చిన రోజున క్రీడారంగం నిజంగా మారుతుంది.