ఫైట్లు లేని సీజన్

'అటాక్ ఆన్ టైటాన్' అయిపోగానే, "అన్నా, ఇలాంటిదే ఇంకోటి చెప్పు" అన్నాడు తమ్ముడు. 'విన్‌లాండ్ సాగా' చూడమన్నా. రెండింటినీ విట్ స్టూడియోనే మొదలుపెట్టింది, తర్వాత మాపా అందుకుంది. 2019 నాటి మొదటి సీజన్ రెండ్రాత్రుల్లో లాగించేశాడు. 2023లో వచ్చిన రెండోది వినుకొండ దగ్గర మా మిర్చి కల్లంలో మొదలెట్టి, "ఫైట్లేవన్నా? అంతా పొలమేగా!" అని ఫోన్ అలాగే వదిలేసి లేచాడు.

తాలుకాయలు ఏరుతున్న నాన్న అటు చూశాడు. కథ నేను చెబుతున్నా. బానిసైన థార్ఫిన్ అడవి నరికి, మొద్దులు పీకి, గోధుమ వేశాడు. మొలకల్ని గిట్టనివాళ్లు పీకేశారు.

2021లో నల్ల తామర పురుగు మా చేను తినేశాక, సేద్యం మాటెత్తితేనే విసుక్కునే నాన్న, "మళ్లీ వేస్తారా?" అని అడిగాడు.

"నువ్వే చూడు నాన్నా" అని ఫోన్ చేతికిచ్చా.

మీరూ అక్కడే ఆపేశారా? ఈసారి ఇంట్లోవాళ్లతో కలిసి చూడండి.